పల్లె వెలుగు ట్రిప్పులు తీసేశారు, "పైనుంచి నిధులు రావట్లేదు" అంటున్నారు: ఏ లెక్కతో, ఎవరిని అడగాలి?

చింతచెట్టు_సెంటర్

అందరికీ నమస్కారం. మాది తెలంగాణలో ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఉన్న మండలం. ఊరి నుంచి పట్టణం దాకా 18 కిలోమీటర్ల రూటు, మధ్యలో మూడు ఊళ్లు. పల్లె వెలుగు బస్సు రోజుకి నాలుగుసార్లు వచ్చేది. అందులో ఉదయం 7-15ది, రాత్రి 7-30ది తీసేశారు. ఉదయంది బడిపిల్లలు ఎక్కేది. రాత్రిది పట్టణంలో కూలికి, కొట్లలో పనికి వెళ్లినవాళ్లు ఇల్లు చేరే బస్సు. డిపోలో అడిగితే "ఓఆర్ లేదు, పైనుంచి డబ్బు రావట్లేదు, బడ్జెట్‌లో కోత పడింది" అన్నారు.

ఊళ్లో కుర్రాళ్లు రోడ్డు మీద బస్సు ఆపి కూర్చుందామంటున్నారు. అంతకంటే ముందు కాగితం మీద నిలబడే అభ్యంతరం ఒకటి తయారుచేయాలి. ఓఆర్ లెక్క ఎలా కడతారు? దాన్ని మేం ఎలా సరిచూసుకోవాలి? బడ్జెట్ కోత అన్నది నిజమో కాదో ఎక్కడ తెలుస్తుంది? డిపో దాటాక ఎవరి దగ్గరికి వెళ్లాలి? పక్క ఊళ్లు కొన్ని ఆంధ్రలో ఉన్నాయి కాబట్టి అక్కడి పద్ధతి కూడా తెలిసినవాళ్లు రాస్తే మేలు.

---

వేబిల్లు

"ఓఆర్ లేదు" అన్న మాటని వెంటనే ఒప్పుకోకండి, అలాగని అబద్ధం అని కూడా అనకండి. వాళ్ల కాగితంలో అది నిజమే అయ్యుంటుంది. ఆ కాగితంలోకి ఎవరు ఎక్కారు, ఎవరు ఎక్కలేదు అన్నది మీరు తేల్చాలి.

ఓఆర్ అంటే ఆక్యుపెన్సీ రేషియో. బస్సు నడిపిన సీటు-కిలోమీటర్లలో నూటికి ఎన్ని నిండాయన్న లెక్క. 55 సీట్ల బస్సు 18 కిలోమీటర్లు నడిస్తే 990 సీటు-కిలోమీటర్లు. ఇప్పుడు మీ 7-15 ట్రిప్పునే ఊహించుకుని కడదాం. ఊళ్లో 22 మంది ఎక్కారు. 4వ కిలోమీటరు దగ్గర ఇంకో 14 మంది, 9వ కిలోమీటరు దగ్గర 12 మంది ఎక్కారు. 13వ కిలోమీటరు దగ్గర ఆరుగురు ఎక్కి నలుగురు దిగారు.

మొదటి 4 కిలోమీటర్లు: 22 × 4 = 88
తర్వాతి 5: 36 × 5 = 180
తర్వాతి 4: 48 × 4 = 192
చివరి 5: 50 × 5 = 250

మొత్తం 710. దాన్ని 990తో భాగిస్తే దాదాపు 72 శాతం. మంచి బస్సు ఇది.

అదే బస్సు ఉదయం పట్టణం నుంచి ఊరికి వచ్చేటప్పుడు సగటున 9 మందే ఉన్నారనుకోండి. 9 × 18 = 162. రానూపోనూ కలిపితే 872, సీటు-కిలోమీటర్లు 1980. ఓఆర్ 44కి పడింది. బడిపిల్లల బస్సు ఎక్కడైనా ఇంతే. ఉదయం ఒకవైపే నిండుతుంది, సాయంత్రం రెండోవైపే నిండుతుంది.

అసలు దెబ్బ తర్వాత ఉంది. పాస్ చూపించిన పిల్లలకి టికెట్ కొట్టరు. ఆ పాస్ ప్రయాణాలని టికెట్లు కొట్టే టిమ్ మిషన్‌లో విడిగా ఎక్కించకపోతే ఆ ట్రిప్పు లెక్కలో వాళ్లు లేనట్టే. 710లో 400 పాస్ పిల్లలవి అనుకుంటే మిగిలేది 310. తిరుగు ట్రిప్పు 162 కలిపితే 472, అంటే 24 శాతం. కాబట్టి 72, 44, 24 మూడూ ఒకే బస్సువి. డిపోలో మీకు ఏది చదివి వినిపించారో కనుక్కోండి.

ఇక ఖర్చు సంగతి. ట్రిప్పు తీసేస్తే ఆదా అయ్యేది డీజిలు, టైర్ల అరుగుదల, ఆయిలు మాత్రమే. డ్రైవరు జీతం, కండక్టరు జీతం, డిపో కరెంటు, గ్యారేజీ ఖర్చు, బస్సు అప్పు మీద వడ్డీ అలాగే ఉంటాయి. లీటరుకి 5 కిలోమీటర్లు వస్తుందనుకుంటే రానూపోనూ 36 కిలోమీటర్లకి 7.2 లీటర్లు. లీటరు 95 రూపాయలు వేసుకుంటే 684 రూపాయలు. అంచనాకి కిలోమీటరుకి రూపాయి చార్జీ పెట్టుకుంటే, పాస్ పిల్లలని కలిపిన లెక్కలో ట్రిప్పు విలువ 872. వాళ్లు లేని లెక్కలో 472. మొదటిది డీజిలు దాటుతుంది, రెండోది దాటదు. మీ ట్రిప్పు ఉండాలా పోవాలా అన్నది ఈ 400 దగ్గరే తేలుతోంది.

ఈపీకే, సీపీకే అనే మాటలు వింటారు. ఈపీకే కిలోమీటరుకి రాబడి, సీపీకే కిలోమీటరుకి ఖర్చు. "సీపీకే కంటే ఈపీకే తక్కువ" అని చెబితే, ఆ సీపీకేలో జీతాలు, వడ్డీ కలిపారా, లేక నడిస్తేనే పడే ఖర్చు మాత్రమే చూశారా అని అడగండి. మొత్తం ఖర్చుతో పోలిస్తే పల్లె రూట్లు చాలావరకు నష్టంలోనే కనిపిస్తాయి. నడిస్తేనే పడే ఖర్చుతో పోల్చండి. ఆ ఖర్చుకి మించి ఒక్క రూపాయి తెచ్చే ట్రిప్పుని ఆపినా డిపో నష్టం పెరుగుతుందే కానీ తగ్గదు.

ఇక మీరు చేయాల్సింది లెక్కింపు. వరసగా రెండు వారాలు, అంటే 12 పనిదినాలు. ట్రిప్పు ఇప్పటికే తీసేశారు కాబట్టి రెండు రకాలుగా చేయాలి. నడుస్తున్న ట్రిప్పుల్లో ఒకరు బస్సులోనే కూర్చుని ప్రతి స్టేజీలో ఎక్కినవాళ్లని, దిగినవాళ్లని రాయాలి. డబ్బు టికెట్, ఉచితంగా వెళ్లే ఆడవాళ్లకి ఇచ్చే జీరో టికెట్, పాస్ మూడూ వేరే గడుల్లో ఉండాలి. తీసేసిన ట్రిప్పు సమయాల్లో స్టేజీకి ఒకరు నిలబడి ఎన్ని షేర్ ఆటోలు వెళ్లాయి, ఒక్కోదాంట్లో ఎంతమంది, ఎంత తీసుకున్నారు అన్నది రాయాలి.

ఇందులో జనం చేసే పొరపాట్లు: పట్టణంలో దిగేచోట ఒక్కసారే తలలు లెక్కపెట్టడం (మధ్యలో ఎక్కి మధ్యలో దిగినవాళ్లు పోతారు), సంత రోజుని మామూలు రోజులతో కలిపేయడం, దసరా సెలవుల్లో లెక్కించడం. సంత రోజుని విడిగా చూపండి. రద్దీ ఎక్కువగా ఉన్న రోజుల లెక్క మాత్రమే ఇస్తే డిపోవాళ్లు తమ 12 నెలల సగటు తీసి పక్కన పెడతారు. అప్పుడు మీ కాగితం నిలబడదు.

---

పద్దు_3055

పై లెక్క బాగుంది. నేను డబ్బు వైపు నుంచి రాస్తాను.

"బడ్జెట్‌లో కోత" అన్నప్పుడు మూడు వేర్వేరు సంగతులు ఒకే మాటలో కలిసిపోతాయి. మొదటిది, రాయితీల డబ్బు. విద్యార్థి పాస్‌లు, తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి (రెండూ ఆడవాళ్లకి ఉచిత ప్రయాణ పథకాలు) కింద ప్రభుత్వం సంస్థకి తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము ఇది. రెండోది, కొత్త బస్సులు కొనడానికి ఇచ్చే పెట్టుబడి లేదా అప్పు. మూడోది, పద్దులో రాసి విడుదల చేయకపోవడం. మొదటిది ఆగితే డిపోకి డీజిలు బిల్లు బరువవుతుంది. రెండోది ఆగితే బస్సులు పాతబడి తగ్గిపోతాయి. మూడోది ఆ ఏటి బడ్జెట్ పుస్తకంలో చూస్తే కనిపించదు.

చూడాల్సిన చోటు రాష్ట్ర బడ్జెట్‌తో పాటు వచ్చే వివరమైన గ్రాంట్ల పుస్తకాలు. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో పెడతారు. రోడ్డు రవాణాకి రెవెన్యూ ఖర్చు పద్దు 3055, పెట్టుబడి పద్దు 5055, అప్పుల పద్దు 7055. దేశమంతా ఇవే నంబర్లు. పాస్‌ల సొమ్ములోనో మహిళల ఉచిత ప్రయాణంలోనో కొంత భాగం సంక్షేమ శాఖల పద్దుల్లో ఉండొచ్చు కాబట్టి ఒక్క రవాణా పుస్తకంతో ఆగకండి.

ప్రతి వరసలో గడులు ఉంటాయి. రెండేళ్ల కిందటి అసలు ఖర్చు, ఈ ఏటి అంచనా, ఈ ఏటి సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా. వచ్చే ఏటి అంచనా పెరిగిందని పత్రికల్లో వస్తుంది. మీరు చూడాల్సింది రెండేళ్ల కిందటి అసలు ఖర్చుని, అదే ఏడాదికి అప్పట్లో రాసిన అంచనాని పక్కపక్కన పెట్టి. అక్కడ తేడా ఉంటే కోత పడింది అక్కడే. విడుదల సంగతి బడ్జెట్ రిలీజ్ ఆర్డర్లలో, అంటే బీఆర్‌ఓల్లో ఉంటుంది. వాటి నకళ్లు సమాచార హక్కు కింద అడగొచ్చు.

అర్జీ ఎప్పుడు పెట్టామన్నదీ ముఖ్యమే. శాఖలు తమ అంచనాలు తయారుచేసి ఆర్థిక శాఖకి పంపేది బడ్జెట్‌కి కొన్ని నెలల ముందు, శీతాకాలంలో. బడ్జెట్ సభకి వచ్చేది ఫిబ్రవరి, మార్చిలో. మార్చిలో ఇచ్చే అర్జీకి ఆ ఏడాది పద్దులో చోటు దొరకదు. దసరా, దీపావళి మధ్య రవాణా శాఖ ముఖ్య కార్యదర్శికి, సంస్థ ఎండీకి, మీ శాసనసభ్యుడికి ఒకే కాగితం మూడు ప్రతులుగా వెళ్లాలి.

శాసనసభ్యుడిని "మా బస్సు గురించి మాట్లాడండి సార్" అని అడిగితే ఆయన డిపో మేనేజరుకి ఫోన్ చేస్తారు, అక్కడితో సరి. దానికి బదులు ప్రశ్న రాసి చేతికివ్వండి. "గత రెండు ఆర్థిక సంవత్సరాల్లో విద్యార్థి పాస్‌లకీ, మహిళల ఉచిత ప్రయాణానికీ ఆర్టీసీ ఎంతకి క్లెయిమ్ పెట్టింది, ఎంత కేటాయించారు, ఎంత విడుదలైంది, ఎంత బకాయి ఉంది, ఇదే కాలంలో ఫలానా డిపోలో ఏయే పల్లె వెలుగు ట్రిప్పులు రద్దయ్యాయి." నాలుగు అంకెలు, ఒక జాబితా. ప్రశ్నని సభలో స్వీకరిస్తే దీనికి మంత్రి జవాబివ్వాల్సి ఉంటుంది, అది రికార్డులో ఉండిపోతుంది.

చట్టం మాట కూడా అర్జీలో ఉండాలి. రోడ్డు రవాణా సంస్థల చట్టం, 1950. సెక్షన్ 22 వ్యాపార సూత్రాల ప్రకారం నడపాలంటుంది, అధికారులు దాన్నే చూపిస్తారు. అదే చట్టంలో సెక్షన్ 18 రాష్ట్రంలో సమర్థమైన, సరిపడినంత, పొదుపైన, సమన్వయం ఉన్న రవాణాని సమకూర్చడం సంస్థ సాధారణ బాధ్యత అంటుంది. "సరిపడినంత" అన్న మాట కింద గీత గీయండి. సెక్షన్ 32 ప్రకారం సంస్థ తన బడ్జెట్‌ని ఏటా ప్రభుత్వ ఆమోదానికి పంపాలి, సెక్షన్ 34 కింద ప్రభుత్వం సంస్థకి ఆదేశాలు ఇవ్వొచ్చు. కాబట్టి "అది ఆర్టీసీ నిర్ణయం, మాకు సంబంధం లేదు" అని సచివాలయం అనడం కుదరదు.

ఒక సంగతి గుండె మండి రాస్తున్నాను. ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు "ఇస్తోంది" అని మాత్రమే వింటుంటాం. తెలంగాణలో డీజిలు మీద వ్యాట్ 27 శాతం. బస్సు తాగే ప్రతి లీటరుతో పాటు ఆ పన్ను ఖజానాకే చేరుతోంది, మోటారు వాహన పన్ను దీనికి వేరే. మీ అర్జీలో ఈ వాక్యం తప్పకుండా పెట్టండి.

ఆంధ్ర వైపు ఒక తేడా ఉంది. 2020 జనవరి 1 నుంచి అక్కడ ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులు, ప్రజా రవాణా శాఖ కింద ఉన్నారు. ఒక ట్రిప్పు తీసేసినంత మాత్రాన ఖజానా ఇచ్చే జీతాల్లో ఒక్క రూపాయి తగ్గదు. పైన వేబిల్లు గారు చెప్పిన డీజిలు వాదన అక్కడ ఇంకా బలంగా పనిచేస్తుంది.

---

గ్యారేజ్_గేటు

ఇద్దరు మంచిగ చెప్పిన్రు. కానీ ఒక్కటి యాదిపెట్టుకోండ్రి. చానా సార్లు ట్రిప్పు పోయేది పైసల్లేక కాదు, డ్రైవర్ లేకనో బస్సు లేకనో. నోటితోని ఓఆర్ అంటరు, అసలు కారణం డ్యూటీ చార్ట్‌ల ఉంటది. ముందు అది తేల్చుకోవాలె. లేకుంటే మీరు ఓఆర్ గెలిచినా బస్సు రాదు.

బస్సుల సంగతి: 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ ఆగిపోతది. కేంద్రం తెచ్చిన ఆ రూల్‌ల రవాణా సంస్థల బస్సులు సుత ఉన్నయి. పాత బస్సు పోయినంక కొత్తది రాకపోతే డిపో ముందుగల తీసేది పల్లె ట్రిప్పే. ఎక్స్‌ప్రెస్ తియ్యరు. గందుకే పద్దు అన్న చెప్పిన 5055, 7055 చూడుండ్రి.

డ్రైవర్ సంగతి: మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 ప్రకారం (2025 నవంబర్ల దాని జాగల కొత్త లేబర్ కోడ్ వచ్చింది) రోజుకు 8 గంటల పని, వారానికి 48 ఉండె. డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాక, నడుమ రెస్టు కలుపుకొని, 12 గంటలు దాటొద్దని అండ్ల ఉండె. ఇప్పుడు మీ టైములు చూడుండ్రి. పొద్దుగాల 7-15కు మీ ఊర్ల ఉండాలంటే డిపోల 6 గంటలకన్నా ఎక్కాలె. రాత్రి 7-30 ట్రిప్పు చేసి డిపోకు పోయేసరికి తొమ్మిదైతది. 15 గంటలు. ఒక్క డ్రైవర్-కండక్టర్ జోడీతోని అయ్యేది కాదు, రెండు జోడీలు కావాలె. మనుషులు తక్కువున్న డిపోల మొదటి ట్రిప్పు, ఆఖరి ట్రిప్పు పోయేది గిట్లనే.

దీనికి పాత దారి ఒకటుంది, నైట్ హాల్ట్. బస్సు రాత్రి 7-30 ట్రిప్పుకు మీ ఊరికే వచ్చి పంటది, తెల్లారి 7-15కు అక్కడి నుంచే కదులుతది. పొద్దుగాల డిపో నుంచి మీ ఊరిదాక ఖాళీగ వచ్చే కిలోమీటర్లు మిగులుతయి, రాత్రి ఖాళీగ పోయేవి మిగులుతయి. మధ్యాహ్నం ఎక్కిన జోడీ రాత్రికి మీ ఊర్ల దిగుతది, తెల్లారి ట్రిప్పు కొట్టి డిపోల దిగిపోతది. రెండు ట్రిప్పులూ ఒకే ఏర్పాటుతోని తిరిగొస్తయి.

డిపో దీనికి ఒప్పుకోకపోవుడుకు ఎప్పుడూ చెప్పే కారణం: పడుకునే జాగా లేదు. గది ఉంటది, తలుపుకు గొళ్లెం ఉండదు. బాత్రూం ఉంటది, నల్లా రాదు. పంచాయతీ నుంచి ఇవి సిద్ధం చేసి ఫోటోలు తీసి అర్జీకి జోడించుండ్రి: లోపలి నుంచి గొళ్లెం పడే గది, రెండు మంచాలు, దోమతెరలు, ఫ్యాను, ఫోన్ చార్జింగ్‌కు ప్లగ్గు, నీళ్లొచ్చే లెట్రిన్, తాగే నీళ్ల క్యాను. బస్సు నిలిపే కాడ వీధి దీపం రాత్రంతా వెలగాలె. డీజిలు దొంగల భయం ఉంటది, గది కిటికీలకెళ్లి బస్సు కనపడాలె. కండక్టర్ ఆడమనిషి అయితే నైట్ హాల్ట్ డ్యూటీ ఎట్ల వేస్తరో డిపోతోని ముందే మాట్లాడుకోండ్రి.

రోడ్డు సుత చూసుకోవాలె. "రోడ్డు బాలేదు" అని ఒక్క లైన్ రాస్తే ట్రిప్పు పోయినట్టే. బస్సు తిరిగేటందుకు 25 మీటర్ల వ్యాసం ఖాళీ జాగా ఉండాలె. లేకుంటే రివర్స్ కొట్టాలె, చిన్నపిల్లలు తిరిగే జాగల డ్రైవర్లు భయపడ్తరు. కొమ్మలు కొట్టించుండ్రి. కరెంటు తీగ వేలాడితే లైన్‌మెన్‌కు రాసి ఇచ్చి రసీదు తీసుకోండ్రి. కల్వర్టు కాడ గుంత ఉంటే ఆ రోడ్డు ఆర్ అండ్ బీదా పంచాయతీరాజ్‌దా కనుక్కొని ఆ ఏఈకే ఇయ్యాలె. వేరే ఆఫీసుల ఇస్తే ఆ కాగితం అక్కడ్నే ఉంటది.

---

చింతచెట్టు_సెంటర్

అందరికీ ధన్యవాదాలు. గ్యారేజ్_గేటు అన్నా, నైట్ హాల్ట్ సంగతి మాకు తట్టనే లేదు. పాత పంచాయతీ ఆఫీసు గది ఒకటి ఖాళీగా ఉంది.

ఇంకో రెండు సందేహాలు. సమాచార హక్కు దరఖాస్తులో ఖచ్చితంగా ఏం అడగాలి? డిపో, జిల్లా రెండూ పలకకపోతే కోర్టుకి వెళ్లడం తప్ప దారి లేదా? వకీలు ఫీజు పెట్టుకునే స్తోమత ఊరికి లేదు.

---

నల్లకోటు

దరఖాస్తులో "ఎందుకు రద్దు చేశారు" అని అడగకండి. కారణాలు తయారుచేసి చెప్పాల్సిన పని సమాచార అధికారికి లేదు, రికార్డులో ఉన్నది ఇస్తే చాలు. "ఎందుకు" అన్న ప్రశ్నకి "సమాచారం కిందికి రాదు" అని ఒక్క వాక్యంలో తిప్పి పంపుతారు. నకళ్లు అడగండి:

"ఫలానా సర్వీసు నంబరు, ఫలానా షెడ్యూలుకి సంబంధించి గత 12 నెలలకి నెలవారీగా: నడపాల్సిన కిలోమీటర్లు, నడిపిన కిలోమీటర్లు, రద్దయిన ట్రిప్పుల సంఖ్య, రద్దుకి రికార్డులో నమోదైన కారణం, ట్రిప్పు వారీగా ఈపీకే, ఓఆర్, జీరో టికెట్ల సంఖ్య, విలువ, పాస్ ప్రయాణికుల నమోదు, ట్రిప్పులు తీసేస్తూ ఇచ్చిన ఆర్డరు నకలు, ట్రిప్పు తీసివేతకి వాడే కొలమానం ఉన్న సర్క్యులర్ నకలు, మంజూరైన, పనిచేస్తున్న డ్రైవర్ల, కండక్టర్ల సంఖ్య, డిపోలో బస్సుల సంఖ్య, ఒక్కోదాని రిజిస్ట్రేషన్ ఏడాది."

చివరి రెండూ గ్యారేజ్_గేటు గారు చెప్పిన అసలు కారణాన్ని బయటపెడతాయి. డిపో స్థాయి దరఖాస్తుకి ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డరు జతచేయండి. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ల పేరుతో పెడితే కార్డు నకలు చాలు, ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ పైన 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. ఇద్దరు ముగ్గురి పేర్లతో విడివిడిగా పెట్టండి. ఒకరిని బెదిరించో బతిమాలో ఆపినా ఇంకోటి నడుస్తూ ఉంటుంది.

ఈలోగా గ్రామసభ తీర్మానం చేయించండి. నాలుగు ఊళ్లూ ఒకే పాఠంతో చేస్తే బలం. "బస్సు కావాలని కోరుతున్నాము" అని వదిలేయకుండా ట్రిప్పు సమయాలు, లెక్కింపు అంకెలు, బడుల పేర్లు, నైట్ హాల్ట్ గది సిద్ధంగా ఉందన్న మాట అందులో రాయించండి. ఎనిమిదో తరగతి వరకు పిల్లలుంటే విద్యాహక్కు చట్టం ప్రస్తావించండి. మన నియమాల్లో ప్రాథమిక బడి కిలోమీటరులో, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్లలో ఉండాలి. అంతకంటే దూరం వెళ్లే పిల్లల జాబితా ప్రధానోపాధ్యాయుల సంతకంతో తీసుకుని మండల విద్యాధికారికి కూడా ఒక ప్రతి ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ ఇచ్చిన నంబరున్న రసీదు దాచుకోండి, తర్వాత పనికొస్తుంది.

వకీలు లేకుండా వెళ్లగల చోటు ఉంది, చాలామందికి తెలియదు. న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987లో సెక్షన్ 22-ఏ నుంచి చదవండి. ప్రజోపయోగ సేవల కోసం పర్మనెంట్ లోక్ అదాలత్‌లు ఉంటాయి, ఆ సేవల జాబితాలో ప్రయాణికుల రోడ్డు రవాణా పేరుతో సహా ఉంది. దరఖాస్తుకి కోర్టు ఫీజు లేదు. ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే సెక్షన్ 22-సీ(8) కింద తానే తీర్పు ఇవ్వగలదు. ఒక్క షరతు, అదే వివాదాన్ని అంతకుముందు వేరే కోర్టులో వేసి ఉండకూడదు. అందుకే తొందరపడి హైకోర్టుకి వెళ్లి ఈ తలుపు మూసుకోకండి. ఎక్కడ ఉందో జిల్లా న్యాయసేవల సంస్థ కార్యాలయంలో చెబుతారు. అక్కడ ఉచితంగా వకీలుని కూడా ఇస్తారు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆ హక్కు ఉంది, కాబట్టి దరఖాస్తుదారుగా రోజూ ఆ బస్సెక్కే ఒక తల్లి పేరు పెట్టండి.

హైకోర్టు చివరి మెట్టు. ఏ రూటులో ఎన్ని బస్సులన్నది విధాన నిర్ణయం అంటూ కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవు. అర్జీ మీద నిర్ణయం తీసుకోమని గడువు పెట్టడం వరకు చేస్తాయి. ఆ అర్జీలో అంకెలుంటే ఆ గడువుకి విలువ ఉంటుంది.

2021 నవంబరులో రంగారెడ్డి జిల్లా మంచాల మండలం చీదేడుకి బస్సు తిరిగి వచ్చింది. ఎనిమిదో తరగతి అమ్మాయి అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణకి లేఖ రాసింది, ఆయన ఆర్టీసీ దృష్టికి తెచ్చారు. ఆ లేఖలో ఎవరికి, ఏ బడికి, ఎందుకు కష్టమైందో సూటిగా ఉంది. మీ పిల్లల చేత కూడా రాయించండి, కానీ వాళ్ల సొంత మాటల్లో. యాభై ఉత్తరాలు ఒకే పాఠంతో వెళితే ఒక్కటిగానే చూస్తారు.

రాస్తారోకో గురించి: బస్సు అద్దం పగిలితే 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం కింద కేసు, అది చదువుకునే కుర్రాళ్ల పాస్‌పోర్టుకీ ఉద్యోగానికీ అడ్డం వస్తుంది. పైగా "ఆ రూటులో భద్రత లేదు" అన్న కొత్త కారణం డిపోకి మీరే ఇచ్చినవాళ్లవుతారు. కూర్చోవాలనుకుంటే పోలీసులకి రాతపూర్వకంగా తెలిపి డిపో గేటు పక్కన, బస్సులకి అడ్డం లేకుండా, లెక్కింపు అంకెలు ఫ్లెక్సీ మీద రాసి కూర్చోండి. విలేకరులకి రాయడానికి అంకె దొరుకుతుంది.

---

ఎనిమిదో_నంబర్_బస్సు

నగరం వైపు నుంచి ఒక హెచ్చరిక. "స్థానిక సంస్థ నష్టం భరిస్తుంది" అన్న హామీ వస్తే నమ్మేముందు చట్టంలో క్రియాపదం చూడండి. హైదరాబాద్‌లో సిటీ బస్సుల నష్టానికి జీహెచ్‌ఎంసీ మొదట్లో 336 కోట్లు ఇచ్చింది, తర్వాత ఆపేసింది. 2019 ఆర్టీసీ సమ్మె సమయంలో హైకోర్టులో ఈ సంగతి వచ్చినప్పుడు తేలింది ఏమిటంటే, జీహెచ్‌ఎంసీ చట్టం సెక్షన్ 112(30) కింద అది ఇవ్వొచ్చు అన్నదే కానీ ఇవ్వాలి అన్నది కాదని. ఆ సమ్మె ముగిశాక నగరంలో వెయ్యి దాకా బస్సులు తగ్గాయి. ఏ ప్రయాణికుడినీ అడగలేదు.

మీ పంచాయతీని కూడా "నెలనెలా ఇంత కట్టండి, బస్సు నడుపుతాం" అని అడగొచ్చు. నెలవారీ డబ్బుకి ఒప్పుకోకండి. ఒక నెల ఆలస్యమైతే అదే రద్దుకి కారణం అవుతుంది. గది, దీపం, నీళ్లు, తిరిగే జాగా వరకు ఒప్పుకుని అంతే అని రాసివ్వండి.

---

వేబిల్లు

ఒకటి మర్చిపోయాను. ఊళ్లో ఆడవాళ్లందరికీ ఇవాళే చెప్పండి. జీరో టికెట్ తీసుకోకుండా దిగొద్దు. రద్దీలో కండక్టరు ముందు నుంచి వెనక్కి వచ్చేలోపు రెండు స్టేజీలు దిగిపోతారు. ఆ ప్రయాణానికి సంస్థ ప్రభుత్వాన్ని డబ్బు అడగలేదు, మీ ఓఆర్‌లోకీ రాదు. టికెట్ చేతికి రాగానే దాని మీద ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ చదవాలి. పట్టణం దాకా వెళ్లే మనిషికి 13వ కిలోమీటరు దాకానే కొడితే అయిదు కిలోమీటర్లు పోయినట్టే.

పాస్ పిల్లల సంగతి అర్జీలో విడి పేరాగా పెట్టండి: "ఈ షెడ్యూలులో పాస్ ప్రయాణాలని ట్రిప్పు వారీగా టిమ్‌లో నమోదు చేయించి, మూడు నెలల తర్వాత ఓఆర్‌ని తిరిగి లెక్కకట్టండి. అప్పటివరకు ఉదయం 7-15 ట్రిప్పుని నడపండి." మూడు నెలల గడువుతో అడిగితే ఆ సంతకం డిపో మేనేజరు తన స్థాయిలోనే పెట్టగలరు. శాశ్వతంగా అని అడిగితే ఫైలు రీజియన్‌కి వెళుతుంది.

---

చింతచెట్టు_సెంటర్

సోమవారం నుంచి లెక్కింపు మొదలుపెడుతున్నాం. నాలుగు స్టేజీలకి ఎనిమిది మంది కుదిరారు. 7-15 సమయానికి ఎక్కే పిల్లల జాబితా ప్రధానోపాధ్యాయుడు ఇస్తానన్నారు. సంత గురువారం, దాన్ని వేరే కాగితంలో రాస్తాం.

---

గ్యారేజ్_గేటు

గది కిటికీకి జాలీ ఉందా చూడు తమ్మీ. వానకాలంల దోమలకు నిద్ర పట్టకపోతే తెల్లారి డ్రైవరే నైట్ హాల్ట్ వద్దని రాసిస్తడు.